పుష్పోత్సవానికి పిల్లలతో వెళ్ళేటప్పుడు

ప్రశ్న: మాకు ఏడేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ అబ్బాయి ఉన్నారు. గత వసంతంలో ఇద్దరినీ పుష్పోత్సవానికి తీసుకువెళ్ళాము. గంట గడవకముందే చిన్నవాడు ఎత్తుకోమని ఏడుపు అందుకున్నాడు. పెద్దమ్మాయి ఒక పువ్వు తుంచితే అందరి ముందూ కోప్పడ్డాను. ఆ తరువాత రోజంతా ముభావంగానే ఉంది. ఈసారి మళ్ళీ వెళ్ళాలని ఉంది. పిల్లలకు నచ్చేలా ఆ రోజును ఎలా గడపాలి?

జవాబు: నాలుగేళ్ళ పిల్లవాడి ఎత్తు ఇంచుమించు 100 సెంటీమీటర్లు. జనం కిక్కిరిసిన బాటలో అతని కళ్ళకు ఆనేవి పెద్దవాళ్ళ మోకాళ్ళూ చేతిసంచులే. మీరు చూసి మురిసిన తోట అతనికి కనబడి ఉండదు. ఎత్తుకోమన్నది మారాం చేయడానికి కాక, పూలు చూడాలనే అయి ఉండవచ్చునని నాకు అనిపిస్తున్నది. కాబట్టి తోటంతా తిరిగి రావాలన్న పట్టుదల ఈసారి వద్దు. గేట్లు తెరిచే వేళకే చేరుకుని, బాటలు ఖాళీగా ఉండగా రెండు మూడు మళ్ళను ఎంచుకుని, ఒక్కొక్కదాని దగ్గర మీరు కూడా పిల్లల పక్కన గొంతుక్కూర్చుని, వాళ్ళు చాలనే దాకా చూడనివ్వండి. చిన్నవాడు అలసిపోయిన మరుక్షణం నీడకు చేరండి. రెండు గంటలు హాయిగా గడిస్తే ఆ వయసుకు అది నిండైన రోజే.

ఉదయాన్నే వెళ్ళడంలో మరొక లాభమూ ఉంది. తులిప్ పూలు చల్లని వేళ ముడుచుకుని ఉండి, ఎండ వెచ్చబడే కొద్దీ విచ్చుకుంటాయి. వెచ్చదనంలో రేకుల లోపలి వైపు, చల్లదనంలో వెలుపలి వైపు ఎక్కువ వేగంగా పెరగడమే దీనికి కారణం. లోపలికి వెళ్ళగానే పిల్లలిద్దరినీ చెరొక పువ్వును ఎంచుకుని గుర్తుపెట్టుకోమనండి. వచ్చేటప్పుడు గుడ్డులా మూసుకుని ఉన్న ఆ పువ్వు, తిరిగి వెళ్ళేటప్పటికి గిన్నెలా తెరుచుకుని, అడుగున నల్లని మచ్చతోనో పచ్చని మచ్చతోనో కనిపిస్తే వాళ్ళ ముఖాలు ఎలా మారతాయో మీరే చూస్తారు.

చిన్న భూతద్దం ఒకటి తప్పక వెంట తీసుకువెళ్ళండి. చామంతి జాతి పువ్వు దగ్గర ఆగి, దాని నడుమ ఉన్న పసుపుపచ్చని బొడిపెను పిల్లలకు చూపించండి. మనం ఒక్క పువ్వు అనుకునేది నిజానికి ఎన్నో చిట్టి పూల గుత్తి. అవి అంచు నుంచి లోపలికి వరుసగా విచ్చుకుంటాయి గనుక, వెలుపలి వరుసల్లో పుప్పొడి రాలుతున్నప్పటికీ నట్టనడుమ ఇంకా ముడుచుకున్న మొగ్గలే ఉంటాయి. ఏడేళ్ళ పిల్ల ఆ వరుసలను లెక్కపెడుతూ ఎంతసేపైనా కూర్చోగలదు.

అక్కడే తేనెటీగ వాలితే కదలకుండా చూడమని చెప్పి, కార్ల్ ఫాన్ ఫ్రిష్ కథ వినిపించండి. ఈ ఆస్ట్రియా శాస్త్రవేత్త నీలం కాగితం మీద చక్కెర నీళ్ళు పెట్టి తేనెటీగలకు అలవాటు చేశాడు. తరువాత రకరకాల బూడిద రంగు కాగితాల నడుమ ఉత్త నీలం కాగితాన్ని ఉంచితే, అవి నేరుగా దాని మీదే వాలాయి. తేనెటీగలకు రంగులు తెలుస్తాయని ఆయన 1914లో ప్రకటించాడు. 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. తేనెటీగల కంటికి ఎరుపు రంగుగా ఆనదు. మనకు కనబడని అతినీలలోహిత కాంతి మాత్రం ఆనుతుంది. చాలా పూల రేకుల మీద తేనె ఉన్న చోటికి దారి చూపే గుర్తులు ఆ కాంతిలోనే ఉంటాయి. ఏ రంగు పూల మీద ఎన్ని తేనెటీగలు వాలుతున్నాయో అమ్మాయిని ఒక కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టమనండి.

ఇక పువ్వు తుంచిన సంగతి. ఆ వయసులో కన్ను పడ్డ చోటికి చెయ్యి వెళ్ళడం సహజం. తప్పు జరిగాక కోప్పడటం కన్నా ముందుగానే చెప్పి ఉంచడం మేలు. తాకనిచ్చే చోట ఒక్క వేలితో, మెల్లగా తాకవచ్చు. నేల రాలిన రేకులను అడిగి ఏరుకోవచ్చు. ఏదీ నోట పెట్టకూడదు. ఈ చివరి మాటను గట్టిగా చెప్పండి. గన్నేరులోనూ డిజిటాలిస్ అనే పూలమొక్కలోనూ గుండెను దెబ్బతీసే విషం ఉంటుంది. డాఫొడిల్ దుంప చూడటానికి ఉల్లిపాయలాగే ఉన్నా తింటే వాంతులు అవుతాయి, దాని కాడల రసం కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది. తోట నుంచి బయటికి రాగానే పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. వెళ్ళే ముందు రోజు, నిరుడు అందరి ముందూ కోప్పడినందుకు క్షమించమని మీ అమ్మాయితో ఒక్క మాట చెప్పండి. ఆమె దానిని ఇంకా మరచిపోయి ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయికి వసంతం రాగానే తుమ్ములు, కళ్ళ దురద మొదలవుతాయి. పూల మధ్యకు తీసుకువెళ్ళవచ్చునా?

జవాబు: ఈ తుమ్ములకు ఎక్కువగా కారణమయ్యేది గాలి మోసుకువచ్చే చెట్ల, గడ్డి జాతుల పుప్పొడి. రంగురంగుల పూలలో చాలావాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి కీటకాల కాళ్ళకు అంటుకుంటుందే గాని గాలిలో అంతగా ఎగరదు. అయినా పువ్వులో ముక్కు పెట్టి వాసన చూడటం మీ వాడికి మంచిది కాదు. ఘాటైన పరిమళమూ కొందరికి పడదు. ముందుగా డాక్టరును కలిసి, వెళ్ళే రోజు ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో అడిగి తెలుసుకోండి. ఉబ్బసం కూడా ఉంటే ఇన్‌హేలర్ మీ చేతిసంచిలోనే ఉండాలి. ఇంటికి రాగానే ముఖం కడిగి, బట్టలు మార్పించండి.

ప్రశ్న: తేనెటీగ కుడితే వెంటనే ఏమి చేయాలి?

జవాబు: తేనెటీగ ముల్లుకు వెనక్కి వంగిన కొక్కేలు ఉంటాయి గనుక అది విషపు తిత్తితో సహా చర్మంలోనే ఉండిపోతుంది, ఆ తిత్తి ఇంకా కొంతసేపు విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. అందువల్ల గోటితో గీకుతారా, వేళ్ళతో లాగుతారా అని ఆలోచిస్తూ ఆలస్యం చేయకుండా, చేతికందిన పద్ధతిలో ముల్లు తీసేయండి. తరువాత ఆ చోటును సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ అద్దండి. కుట్టిన చోట వాపు, మంట సహజమే. కానీ ఊపిరి ఆడకపోవడం, పెదవులు లేదా నాలుక వాయడం, ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు, స్పృహ తప్పడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, లేదా నోటి లోపల కుట్టినా, నిమిషం కూడా ఆగకుండా అంబులెన్స్‌ను పిలవండి. పిల్లవాడి దగ్గర డాక్టరు రాసిచ్చిన అలర్జీ ఇంజెక్షన్ (అడ్రినలిన్) ఉంటే అంబులెన్స్ కోసం ఎదురుచూడకుండా వెంటనే వేయండి.