లాకులు దాటబోతున్న హారికకు

చిరంజీవి హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వూ నీ ఆరుగురు స్నేహితులూ వచ్చే ఆదివారం ఇక్కడి రగ్బీ ఊరి దగ్గర నారోబోటు (కాలవల్లో తిరిగే సన్నని పొడవాటి పడవ) అద్దెకు తీసుకుని హిల్‌మార్టన్ లాకులు ఎక్కి దిగి వస్తారట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తను భయపడుతూ చెప్పింది గానీ నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. మేమిద్దరం ధవళేశ్వరంలో లాకుల పక్కనే పెరిగాం. మీ తాతయ్య అక్కడ లస్కరు. ధాన్యం, బెల్లం, కొబ్బరికాయలు వేసుకుని వచ్చే పడవలకు ఆయన గేట్లు తీస్తుంటే గట్టు మీద కూర్చుని చూసేవాళ్లం. కాటన్ దొర కాలవలు తవ్వించింది పొలాలకే కాదు, పడవలకు కూడా. అందుకే ఇంగ్లండు వచ్చిన కొత్తలో, కాలవ గట్టున లాకు గేటును తోసే దూలం మీద మొదటిసారి చెయ్యి వేసినప్పుడు పుట్టింటి తలుపు తట్టినట్టయింది నాకు.

లాకు అంటే రెండు వైపులా తలుపులున్న నీళ్ల గది. పైకి వెళ్లాలంటే కింది తలుపులోంచి పడవను లోపల పెట్టి, తలుపు మూసి, పైనుంచి నీళ్లు వదులుతారు. పడవ దానంతటదే లేస్తుంది. హిల్‌మార్టన్‌లో ఇలాంటివి మూడు మెట్లు, ఒక్కో మెట్టులో పక్కపక్కనే రెండేసి గదులు. మూడూ కలిపి దాదాపు 18 అడుగుల ఎత్తు. మీరు పొద్దున ఎక్కుతారు, సాయంత్రం దిగుతారు. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎందుకో చెబుతాను.

పై గేటు అడుగున రాతి గడప ఒకటి ఉంటుంది. ఇక్కడివాళ్లు సిల్ అంటారు. లాకు నిండుగా ఉన్నప్పుడు అది నీళ్లలో మునిగి కనపడదు. గది నీళ్లు కిందికి వదులుతుంటే మెల్లగా బయటపడుతుంది. బోటు వెనక కొస ఆ గడప మీదికి వచ్చి ఉందంటే, నీళ్లు దిగిపోతున్నా వెనక భాగం అక్కడే కూర్చుండిపోతుంది, ముందు భాగం మాత్రం దిగిపోతూనే ఉంటుంది. గడప ఎక్కడిదాకా ఉందో తెలియడానికి లాకు గోడ మీద తెల్లగీత వేసి ఉంటుంది. మీ బోటు వెనక కొస ఆ గీతకు ముందు ఉండాలి, నీళ్లు పూర్తిగా దిగేదాకా అక్కడే ఉండాలి.

నాకిది పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. ఇరవై రెండేళ్ల కిందట ఇంకో కాలవ మీద మేం ఎనిమిది మందిమి వెళ్లాం. మీ పెదనాన్నగారు చుక్కాని దగ్గర ఉన్నారు. లాకు దిగడానికి నేను పాడిల్, అంటే గది నీళ్లు వదిలే చిన్న తలుపు, ఎత్తి, ఫోటో తీస్తున్నారంటే అటు తిరిగి నవ్వుతున్నాను. అందరూ కెమెరా వైపే చూస్తున్నారు, బోటును చూసేవాళ్లు ఒక్కరూ లేరు. రాతి మీద ఇనుము రాసుకున్నట్టు కర్రుమని చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే పులిహోర గిన్నె బల్ల మీంచి ముందుకు జారిపోతోంది. నాకు కాళ్లు ఆడలేదు. వెనక బోటులోంచి ఒక పెద్దావిడ అరుస్తూ పరుగెత్తుకొచ్చి కింది పాడిల్స్ దించేసింది. ఆ తరువాత పై పాడిల్ కొంచెం కొంచెంగా ఎత్తి నీళ్లు లోపలికి వదిలింది. బోటు మళ్లీ తేలింది. ఇంకో నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకు పుడుతుంది.

కాబట్టి మీ ఏడుగురిలో ఒకరు చుక్కాని పట్టుకోండి. ఇద్దరు గేట్లూ పాడిల్సూ చూసుకోండి. ఇంకొకరికి బోటును చూడటమొక్కటే పని. ఆ మనిషి ఫోన్ జేబులో పెట్టుకోవాలి. తను "దించు!" అంటే ఎందుకని అడక్కుండా పాడిల్ దించెయ్యాలి. ఈ మాట బోటు ఎక్కకముందే అందరి చేతా ఒప్పించు.

తాడు సంగతీ అంతే. దిగేటప్పుడు గట్టు మీది గుంజకు ముడి వేయకూడదు, నీళ్లతోపాటు బోటు దిగలేక వేలాడుతుంది. గుంజ చుట్టూ ఒక చుట్టు తిప్పి కొసను చేత్తో పట్టుకుని వదులుతూ ఉండాలి. పాడిల్ ఎత్తే ఇనుప హ్యాండిల్‌ను విండ్లాస్ అంటారు. పని కాగానే దాన్ని ఊడదీసి చేత్తో పట్టుకోవాలి. ఇరుసు మీదే వదిలేస్తే, కొక్కెం జారినప్పుడు గిర్రున తిరిగి ఎముక విరగ్గొడుతుంది. ఎక్కేటప్పుడు పాడిల్ సగమే ఎత్తి, బోటు కుదురుగా ఉందని చూశాక మిగతా సగం ఎత్తండి.

గేటు తెరుచుకోకపోతే బలం చూపించొద్దని మీ కుర్రాళ్లకు చెప్పు. రెండు వైపులా నీళ్లు సమం కాందే అది ఎంతమంది తోసినా కదలదు. తాతయ్య దూలానికి వీపు ఆనించి ఊరికే నిలబడేవారు. నీళ్లు సమం కాగానే గేటు తనే మెత్తబడి ఆయన వెనక్కి జరిగేది. నువ్వూ అలాగే నిలబడి చూడు. అది కదిలే క్షణం వీపుకు తెలుస్తుంది.

ఇక నడపడం. చుక్కాని కర్ర ఎటు తోస్తే బోటు ముందు కొస దానికి రెండో వైపు తిరుగుతుంది. మొదటి పావుగంట అందరూ తికమకపడతారు, తరువాత చెయ్యి అలవాటుపడుతుంది. బోటు వెడల్పు ఆరడుగుల పది అంగుళాలు, లాకు వెడల్పు ఏడడుగులు. ఇటో అంగుళం, అటో అంగుళం. బాగా ముందు నుంచే నెమ్మదించి తిన్నగా తీసుకెళ్లు. గోడకు తగులుతుందని ఎవరూ చెయ్యో కాలో అడ్డం పెట్టకూడదు. టన్నుల బరువున్న ఉక్కు అది. తగిలితే తగలనీ, బోటుకేం కాదు. ఎదురుగా బోటు వస్తే కుడివైపు తప్పుకో. వేగ పరిమితి గంటకు 4 మైళ్లు, కట్టేసి ఉన్న బోట్ల పక్కన అంతకంటే బాగా తగ్గించు. లోపల ఎవరో టీ పెట్టుకుంటుంటారు.

గంటకు మూడు మైళ్లు, లాకుకు పావుగంట చొప్పున లెక్క వేసుకో. ఎక్కడం మూడు, దిగడం మూడు, లాకులకే గంటన్నర పోతుంది. తిరిగి రావాలంటే బోటు తిప్పాలి కదా. బోటు పొడవు కాలవ వెడల్పు కంటే ఎక్కువైతే ఎక్కడపడితే అక్కడ తిరగదు. తిప్పుకోవడానికి గట్టు తొలిచిన చోట్లు ఉంటాయి, లాకులు దాటాక మొదటిది ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

ఈత రానివాళ్లకు లైఫ్ జాకెట్లు అడిగి తీసుకో, మొహమాటపడొద్దు. వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి, పైకప్పు మీద ఎవర్నీ కూర్చోనివ్వకు. కాలవ నీళ్లలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు ఉంటుంది. తాళ్లు పట్టుకున్న చేతుల్ని సబ్బుతో కడుక్కున్నాకే పులిహోర ముట్టుకోండి. వేలికి గాయముంటే ప్లాస్టర్ వేసుకో.

శనివారం రాత్రి ఫోన్ చెయ్యి. వాళ్లిచ్చే మ్యాప్ ఫోటో తీసి పంపితే తిప్పుకునే చోటు గుర్తు పెట్టి పంపిస్తాను. కొబ్బరికాయ ఒకటి తీసుకెళ్లు. తాతయ్య కాలంలో కొత్త పడవ లాకులోకి వస్తే గట్టు మీదే కొట్టేవారు.

ప్రేమతో
పెద్దమ్మ