రైతు ప్రశ్నలు – జవాబులు: వడ్లలో చిలుక, చేలో దోమ

ప్రశ్న: రబీ వడ్లను నాలుగు రోజులు ఎండబెట్టి, పాత గోనె సంచుల్లో నింపి గదిలో పెట్టుకున్నాము. రెండు నెలలైనా తిరగకుండానే, సంచి కదిపితే చాలు, ఎండుగడ్డి రంగు చిన్న రెక్కల పురుగులు లేస్తున్నాయి. ఇవి ఎలా వచ్చాయి? తినే బియ్యంలో బోరిక్ పౌడరు కలపవచ్చునా?
— ఒక గృహిణి, నిడదవోలు ప్రాంతం

జవాబు: మీరు చూసినది వడ్ల చిలుక. ఇది గదిలోకి కొత్తగా ఎగిరి వచ్చిందనుకోవడం సహజమే కానీ, చాలాసార్లు గింజతోపాటే కళ్ళం దాటి ఇంటికి చేరుతుంది. పొలంలో కంకి పండే దశలోనే తల్లి పురుగు గింజల మీద గుడ్లు పెట్టగలదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు గింజలోకి తొలుచుకుపోయి, లోపలి బియ్యాన్ని తింటూ అక్కడే పెరుగుతుంది. పురుగు పట్టిన గింజను వెలుగులో పట్టుకుని చూడండి: పొట్టు మీద గుండుసూది తలంత గుండ్రని రంధ్రం కనిపిస్తుంది. బయటికి వచ్చే దారిని పురుగు ముందే కొరికి, పలుచని పొరను మూతలా మిగుల్చుకుంటుంది; రెక్కలు వచ్చాక దాన్ని తోసుకుని బయటపడుతుంది. ఎగిరే చిలుక గింజను తినదు కనుక వాటిని చంపినంత మాత్రాన నష్టం ఆగదు.

ఇప్పుడు చేయవలసింది వడ్లను మళ్ళీ ఎండలో పలుచగా పరచి, తేమ 12 శాతానికి మించకుండా ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే నింపడం. పాత సంచుల కుట్లలో పురుగులు దాగి ఉంటాయి కనుక వాటిని మరిగే నీటిలో ముంచి, బాగా ఎండబెట్టి వాడండి. సంచులను నేల మీద కాక చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చండి. ఎండిన వేపాకు వేసే పాత అలవాటు మంచిదే, అయితే గింజ లోపలి పురుగును అది చంపలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: ధాన్యంలో పురుగును చంపడానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను మనుషులు నిద్రపోయే ఇంట్లో ఎవరు ఇచ్చినా పెట్టకండి. వాటి నుంచి వెలువడే వాయువు ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు మందు లేదు.

బోరిక్ పౌడరు కలపవద్దు. అది తినే వస్తువు కాదు, కడిగినా పూర్తిగా పోతుందన్న భరోసా లేదు, పసిపిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. బియ్యానికి పట్టే ముక్కుపురుగు గింజకు కన్నం చేసి, గుడ్డు పెట్టి, ఆ కన్నాన్ని పూడ్చేస్తుంది కనుక మొదట్లో మన కంటికి ఏమీ కనబడదు. నెలకు సరిపడా మాత్రమే ఆడించుకుని, మూత బిగుతుగా పట్టే డబ్బాలో పోసుకోండి.

ప్రశ్న: సాంబ మసూరి వేశాము. ఆకుముడత పురుగుకు పైరిత్రాయిడ్ రకం పురుగుమందు రెండుసార్లు కొట్టాము. ఇప్పుడు చేలో అక్కడక్కడ గుండ్రంగా పైరు ఎండిపోతోంది.
— ఒక కౌలు రైతు, తెనాలి ప్రాంతం

జవాబు: ఇది సుడిదోమ, అంటే దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చి, పైరును గుండ్రని సుడులుగా ఎండబెట్టే చిన్న పురుగు. మీ శ్రమ తెలిసే చెబుతున్నాను, మొదట కొట్టిన మందే దీనికి దారి తీసి ఉండవచ్చు. దోమను తినే సాలీళ్ళు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు పైరిత్రాయిడ్ మందులకు చచ్చిపోతాయి. దోమ మాత్రం ఆకు తొడుగులో గుడ్లు దాచుకుని మళ్ళీ పుంజుకుంటుంది.

సుడి అంచున పచ్చగా ఉన్న దుబ్బును వంచి అరచేత్తో తట్టండి. నీటి మీద రాలిన దోమలను లెక్కపెట్టండి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, కంకి దశలో 20 నుంచి 25 ఉంటే మందు తప్పదు. ముందుగా చేలో నీరు తీసివేసి, పైరును పాయలుగా విడదీసి, ఎకరానికి 200 లీటర్ల నీటిలో 120 గ్రాముల పైమెట్రోజిన్ కలిపి దుబ్బుల మొదళ్ళు తడిసేలా పిచికారీ చేయండి. దోమ ఉండేది దుబ్బు మొదళ్ళలోనే కనుక ఆకుల మీద చల్లిన మందు వృథా. వచ్చే సార్వాకు (ఖరీఫ్ పంటకు) నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను తూర్పు పడమరలుగా వదలండి. దోమ ఏటా వచ్చే చేనైతే మారుటేరు వరి పరిశోధనా స్థానం ఇచ్చిన విజేత, కాటన్‌దొర సన్నాలు వంటి తట్టుకునే రకాలను ఎంచుకోండి.