తరగతిలో ఆటిజం ఉన్న బిడ్డకు తోడుగా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ప్లస్ టూ చదివాను. ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతి చదువుతున్న ఏడేళ్ల బాబుకు షాడో టీచరుగా, అంటే తరగతిలో వెంట ఉండి తోడ్పడే సహాయకురాలిగా, ఈ ఏడాది చేరాను. బాబుకు ఆటిజం ఉంది. నా జీతం వాళ్ల అమ్మానాన్నలే ఇస్తున్నారు. ఇంట్లో తెలుగు, తరగతిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు. బాబు పలికేది మాత్రం నాలుగైదు తెలుగు మాటలే. "వాణ్ణి తీసుకొని వెనక బెంచీలో కూర్చోండి, క్లాసుకు ఇబ్బంది కాకుండా చూసుకుంటే చాలు" అన్నారు టీచరుగారు. అలాగే చేస్తున్నాను. నేను చెయ్యి పట్టుకుంటే తప్ప బాబు పెన్సిలు ముట్టడం లేదు. నేను చేస్తున్నది సరైనదేనా? వాడితో ఏ భాషలో మాట్లాడాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నలకన్నా వాటికి ముందు రాసిన వాక్యమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. చెయ్యి పట్టుకుంటే తప్ప పెన్సిలు ముట్టడం లేదన్నారు. అది బాబు మొండితనం కాదు. ప్రతి పనికీ పెద్దవారి చెయ్యి ముందే సిద్ధంగా ఉంటే, ఆ చెయ్యి తన చేతి మీద పడినప్పుడే పని మొదలుపెట్టాలని బిడ్డ నేర్చుకుంటాడు. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ జాంగ్రెకో, ఆయన సహచరులు బడులలో సహాయకుల పనిని దగ్గరుండి గమనించి 1997లో ఒక పరిశీలనను ప్రచురించారు. సహాయకులు అస్తమానం బిడ్డను అంటిపెట్టుకొని ఉన్నచోట టీచరు ఆ బిడ్డను తన విద్యార్థిగా భావించడం తగ్గిందనీ, తోటిపిల్లలు దూరమయ్యారనీ, బిడ్డ పెద్దవారి మీద మరింత ఆధారపడ్డాడనీ వారు గుర్తించారు. ఈ మూడింటికీ వెనక బెంచీ దారి తీస్తుంది. కాబట్టి ముందుగా మారవలసింది మీరు కూర్చునే చోటు.

బాబును తోటిపిల్లల మధ్యలో, టీచరు మాట వినబడేంత దగ్గరలో, తలుపుకూ రొద చేసే ఫ్యానుకూ కొంచెం ఎడంగా కూర్చోబెట్టమని అడగండి. మీరు పక్కనే కాకుండా, ఒక అడుగు వెనక, చూపు అందే దూరంలో ఉండండి. నడుమ నడుమ లేచి ఇతర పిల్లల నోటు పుస్తకాలు కూడా చూడండి. అప్పుడు మీరు ఒక్క బాబుకు కాపలాగా కాక, తరగతికంతటికీ చెందిన మనిషిగా పిల్లలకు కనిపిస్తారు. వారు బాబుతో మాట్లాడాలనుకున్నప్పుడు మిమ్మల్ని దాటి వెళ్లవలసిన అవసరమూ ఉండదు. ఎవరైనా "వాడికి బంతి కావాలా?" అని మిమ్మల్ని అడిగితే మీరు జవాబు చెప్పకండి, "వాడినే అడుగు, బంతి చూపించి అడుగు" అనండి.

ఇక చేతి సంగతి. చెయ్యి పట్టి రాయించడాన్ని ఒక్కరోజులో ఆపేయకూడదు. మొదట చెయ్యి మీద చెయ్యి, తరువాత మణికట్టు దగ్గర చిన్న ఆసరా, ఆ తరువాత మోచేతిని తాకడం, చివరకు కాగితం వైపు వేలు చూపడం, ఇలా సాయాన్ని మెట్టు మెట్టుగా దించుకుంటూ రావాలి. ప్రతి మెట్టు దగ్గరా ఆగడం ముఖ్యం. ఒక మాట చెప్పాక పది క్షణాలు మౌనంగా ఉండండి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి విన్న మాటను అర్థం చేసుకొని చేతల్లోకి తేవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయంలోనే మనం తొందరపడి రెండోసారి, మూడోసారి మాటలు మార్చి చెబితే బిడ్డ ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి వినవలసి వస్తుంది. ఆ పది క్షణాలు తరగతిలో చాలా దీర్ఘంగా అనిపిస్తాయి, టీచరు చూపు మీ మీద పడుతుంది, అయినా ఆగండి. మీ పనిలో అన్నిటికంటే కష్టమైన నైపుణ్యం ఇదేనని నా నమ్మకం.

టీచరుగారితో వాదానికి దిగకండి. ప్రతి ఉదయం బడి మొదలయ్యే ముందు, "ఈ రోజు పాఠంలో బాబు చేయగల పని ఒక్కటి మీరే చెప్పండి" అని అడగండి. మిగతా పిల్లలు పది లెక్కలు చేస్తుంటే బాబు రెండు చేయవచ్చు, లేదా అంకెల కార్డులను వరుసగా పేర్చవచ్చు. ఆ పనిని బాబు చేతికి ఇచ్చేదీ, పూర్తయ్యాక చూసి మెచ్చుకునేదీ టీచరుగారే కావాలి. పాఠం చెప్పే బాధ్యత ఆమెది, ఆ పాఠం బాబుకు అందేలా దారి సిద్ధం చేయడం మీది.

భాష విషయంలో మీ సందేహం సరిహద్దు ఊళ్లలో అందరికీ వచ్చేదే. ఒకటికి మించిన భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందని చాలామంది భయపడతారు, ఇంట్లో తెలుగు మానేయమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. ఇప్పటివరకు జరిగిన పరిశోధనలు ఈ భయాన్ని బలపరచలేదు. అమ్మ తనకు సహజంగా వచ్చిన భాషను వదిలేస్తే బిడ్డతో ఆమె మాటలు తగ్గిపోతాయి, ముద్దు తగ్గిపోతుంది. అది నిజమైన నష్టం. ఊరడించడానికీ, కొత్త పని వివరించడానికీ తెలుగే వాడండి. కూర్చోవడం, లేవడం, పుస్తకం తీయడం వంటి, తరగతి మొత్తానికి టీచరు ఇచ్చే ఆదేశాలను మాత్రం ఆమె నోట ఒడియాలోనే విననివ్వండి. మీరు వెంటనే తెలుగులోకి మార్చకుండా, ఆ పనిని చూపే బొమ్మ కార్డును ఎత్తి చూపండి. మంచినీళ్లు, బాత్రూము, చాలు, ఇంకా కావాలి అనే నాలుగు కార్డులు బాబు చేతికి అందేలా ఎప్పుడూ బల్ల మీద ఉండాలి. బొమ్మ ఇచ్చి కావలసింది అడిగే పద్ధతిని అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో రూపొందించారు. కార్డులు ఇస్తే బిడ్డ మాట్లాడటం మానేస్తాడన్న భయమూ అక్కరలేదు. బిడ్డ ఇంటి భాషను గౌరవించడం మీ ఊరికి కొత్త కాదు: గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు అందాలని పాటుపడ్డారు.

ప్రశ్న: రాయగడ జిల్లా గుణుపురంలో ఒక బడిలో సహాయకురాలిగా ఉన్నాను. నేను చూసుకునే ఎనిమిదేళ్ల పాప ఉదయం ప్రార్థన దగ్గరా, భోజనాల బెల్లు మోగినప్పుడూ చెవులు మూసుకొని అరుస్తుంది, చెయ్యి కొరుక్కుంటుంది. రెండు దెబ్బలు వేస్తే దారికి వస్తుందని కొందరు అంటున్నారు.

జవాబు: ఆ మాట అన్నవారికి మొదట చట్టం చెప్పండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో ఏ బిడ్డనూ కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. తరువాత కారణం చెప్పండి. పేచీ పెట్టే బిడ్డ కావలసింది దొరకగానే ఆగిపోతుంది, మధ్యలో ఎవరైనా చూస్తున్నారా అని గమనిస్తుంది. ఈ పాప తట్టుకోలేనంత శబ్దానికి చెవులు మూసుకుంటున్నది. అది పేచీ కాదు, బాధ. దెబ్బ వేస్తే ఆ బాధకు మరొక బాధ తోడవుతుంది.

బెల్లు మోగడానికి రెండు నిమిషాల ముందే బెల్లు బొమ్మ చూపించి, పాపను దానికి దూరంగా ఉన్న వరండాకో మరో గదికో తీసుకువెళ్లండి. ప్రార్థనలో వరుస చివర, మైకుకు దూరంగా నిలబెట్టండి. మొదట చివరి ఒక్క నిమిషమే ఉండి, పాప ఓర్చుకునేకొద్దీ ఆ సమయాన్ని పెంచవచ్చు. అప్పటికే అరుపులు మొదలైతే మాటలు తగ్గించండి, చుట్టూ చేరిన పిల్లలను పంపించేయండి, చెయ్యి కొరుక్కోకుండా మెత్తటి గుడ్డ అందించండి. నీతులు ఆ సమయంలో పాపకు చేరవు. ఒక నోటు పుస్తకంలో ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, తరువాత ఏం జరిగింది అని మూడు గడులు గీసి రోజూ రాయండి. రెండు వారాల రాత చూస్తే మీకు తెలియని కారణాలు బయటపడతాయి. ఇన్నాళ్లూ లేని కొరుకుడు హఠాత్తుగా మొదలైతే పంటినొప్పో, చెవిపోటో, మలబద్ధకమో ఉండవచ్చు. చెప్పుకోలేని బిడ్డ విషయంలో ముందుగా డాక్టరుకు చూపించమని తల్లిదండ్రులకు చెప్పండి.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. పాపను బాత్రూముకు తీసుకువెళ్లేటప్పుడు మరొక ఉపాధ్యాయురాలికి చెప్పి వెళ్లండి, బట్టలు విప్పే ముందు పాపకు చెప్పి విప్పండి, తాను చేసుకోగలిగినది తననే చేసుకోనివ్వండి. తన శరీరాన్ని తాకే ముందు ఎవరైనా చెప్పి తాకాలని పాపకు అలవాటైతే అది ఆమెకు జీవితాంతం రక్షణ.

ప్రశ్న: రాయగడలో ఉంటాం. మా అబ్బాయికి ఆటిజం. ప్రభుత్వ బడి వారు సహాయకులను ఇవ్వాలని చట్టంలో ఉందా? మూడు భాషలు చదవడం వాడి వల్ల కావడం లేదు.

జవాబు: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఆటిజం ఒకటి. ఆ చట్టం 16వ సెక్షన్ బిడ్డకు అవసరమైన తోడ్పాటును, విడిగా అవసరమైతే విడిగా, అందించాలంటుంది. అయితే ప్రతి బిడ్డకూ ఒక సహాయకుణ్ణి ఇచ్చి తీరాలని అందులో స్పష్టంగా లేదు. స్పెషల్ ఎడ్యుకేటర్ల (ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించడంలో శిక్షణ పొందిన ఉపాధ్యాయుల) విషయంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28 నాటి తీర్పులో ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. ప్రధానోపాధ్యాయులకు ఇచ్చే అర్జీలో ఈ రెండింటినీ ప్రస్తావించండి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి.

భాషల గురించి ఇదే దివ్యాంగుల చట్టం 17వ సెక్షన్ చూడండి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు వంటి మార్పులు అందులో ఉన్నాయి. అబ్బాయికి 40 శాతం లేదా అంతకు మించిన వైకల్య ధ్రువపత్రం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యకు 31వ సెక్షన్ హక్కునిస్తుంది. దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, దేశమంతటా చెల్లుతుంది కనుక రేపు పార్వతీపురానికో విశాఖకో మారినా అదే పనికివస్తుంది.

ప్రశ్న: బరంపురం నుంచి రాస్తున్నాను. షాడో టీచరుగా చేరడానికి ఏ కోర్సు చదవాలి? చేరే ముందు ఏం మాట్లాడుకోవాలి?

జవాబు: సహాయకులకు తప్పనిసరి అర్హత అంటూ ప్రస్తుతం లేదు, అందువల్లే జీతాలూ తక్కువ, దోపిడీ ఎక్కువ. స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలంటే మాత్రం భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చదివి, ఆ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ మండలికి సంబంధించిన 1992 నాటి చట్టం ప్రకారం నమోదు లేకుండా ఆ వృత్తి చేయడం శిక్షార్హం. ప్లస్ టూ తరువాత రెండేళ్ల డి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ అనే డిప్లొమా ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో ఈ రంగపు కోర్సులు నడుస్తాయి. చేరే ముందు ఆ సంస్థ గుర్తింపు ఇప్పటికీ అమలులో ఉందో లేదో మండలి జాబితాలో చూసుకోండి.

జీతం ఎవరిస్తారు, సెలవులకు కోత ఉంటుందా, బిడ్డ బడికి రాని రోజుల్లో మీరు ఏం చేయాలి, తల్లిదండ్రులకు రోజువారీ సమాచారం మీరు చెప్పాలా టీచరు చెప్పాలా అన్నవి కాగితం మీద రాయించుకోండి. మీరు సెలవు పెట్టిన రోజున బిడ్డను బడికి పంపవద్దనే షరతు ఏదైనా బడి పెడితే దానికి ఒప్పుకోకండి. బిడ్డ ఆ తరగతి విద్యార్థి; మీరు లేని రోజున ఏం చేయాలో టీచరుకు ఒక పేజీలో ముందే రాసి ఇవ్వండి.