సమాధానం: ఎర్ర రక్తకణాల వర్ణపటంలో గుట్ట తప్ప ఏమీ కనిపించకపోతే

ఎర్ర రక్తకణాలను ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాలను కొలిచే పద్ధతి) పెడితే, వర్ణపటంలో ఒక పెద్ద గుట్ట, దాని మీద నీటి శిఖరం తప్ప ఏమీ రావడం లేదని, ఏం చేయాలని అడిగారు. తప్పు యంత్రానిది కాదండీ. ఆ గుట్ట హిమోగ్లోబిన్‌ది. కణం లోపల లీటరుకు దాదాపు 330 గ్రాములు ఉంటుంది మరి. పెద్ద అణువు మెల్లగా తిరుగుతుంది కాబట్టి దాని సంకేతం వెడల్పుగా వచ్చి త్వరగా ఆరిపోతుంది. చిన్న అణువులది ఇంకాసేపు నిలుస్తుంది.

ఆ తేడానే వాడుకోండి. మామూలుగా ఇచ్చే ఒక్క పల్స్ (రేడియో తరంగపు చిన్న తాకిడి) మాని స్పిన్ ఎకో పెట్టండి, అంటే ఆగి ఆగి రెండు పల్స్‌లు ఇచ్చి, ఆ తర్వాత తిరిగొచ్చే సంకేతాన్ని తీసుకోండి. 1977లో బ్రౌన్, క్యాంప్‌బెల్, కూచెల్, రాబెన్‌స్టీన్ అనే పరిశోధకులు చూపిన దారి ఇదే. 90, 180 డిగ్రీల పల్స్‌ల మధ్య 60 మిల్లీసెకన్లు ఆగితే గుట్ట కరిగి గ్లూటాథయోన్, లాక్టేట్ వంటి చిన్న అణువుల శిఖరాలు బయటపడతాయి. వర్ణపటం అడ్డ కొలత మీద 1.33 పీపీఎం దగ్గర లాక్టేట్ జంట గీత తలకిందులుగా కనిపిస్తే కంగారుపడి ఫేజ్ (శిఖరాలను నిటారుగా నిలిపే సర్దుబాటు) సరిచేయకండి. అది పక్క ప్రోటాన్‌తో కప్లింగ్ (ఒకదాని సంకేతాన్ని పక్కది చీల్చే ప్రభావం) వల్ల వచ్చేదే.

నీటి సంగతంటారా, ముందుగా కణాలను భారజలంతో (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీరు, ప్రోటాన్ వర్ణపటంలో కనిపించదు) చేసిన సెలైన్‌లో రెండు మూడుసార్లు కడగండి. ఉప్పు మరిచిపోవద్దు. నేను ఒకసారి మరిచిపోయాను. కణాలన్నీ పగిలి, గొట్టంలో ఎర్రటి షర్బత్ మిగిలింది. కణాలు అడుగుకు దిగిపోతాయి కాబట్టి, గొట్టం యంత్రంలో పెట్టాక ఆలస్యం చేయకండి.