నట్ ఐలండ్ పక్కన ఇల్లు తీసుకోవచ్చా?

బోస్టన్ దగ్గర క్విన్సీలో, హౌస్ నెక్ వైపు ఇల్లు చూస్తున్నామని, నడక దూరంలో మూసేసిన మురుగునీటి శుద్ధి కేంద్రం ఉందని తెలిసి వెనకాడుతున్నామని రాశారు. మేము మూడేళ్లు ఆ వీధుల్లోనే అద్దెకున్నాం. పిల్లలతో హాయిగా ఉండవచ్చు. కాకపోతే ‘మూసేసిన’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి.

నట్ ఐలండ్ పేరుకే దీవి, నడిచి వెళ్లిపోవచ్చు. 1952లో మొదలైన శుద్ధి కేంద్రం 1998లో ఆగిపోయింది. ఇప్పుడక్కడ పచ్చిక, నడకదారి, గాలాలు వేసుకునే చోటు, ఎదురుగా పెడక్స్ దీవి. మా నాన్నగారు ఊరి నుంచి వచ్చినప్పుడు రోజూ సాయంత్రం అక్కడికే వెళ్లేవాళ్లం. ఆయన ఉద్యోగమంతా నీటి పంపుల దగ్గరే గడిచింది. మొదటి రోజే పార్కు పక్కనున్న భవనం దగ్గర నిలబడి, చెవి ఒగ్గి విని, "ఇది మూసింది కాదురా, లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి" అన్నారు.

ఆయన అన్నదే నిజం. బోస్టన్‌కు దక్షిణాన ఉన్న ఊళ్ల మురుగు ఇప్పటికీ ఇక్కడికే వస్తుంది. జల్లెడలతో చెత్తనూ, ఆపైన ఇసుకనూ ఇక్కడ తీసేసి, నీటిని సముద్రం కింద తవ్విన దాదాపు 5 మైళ్ల సొరంగంలో డీర్ ఐలండ్‌లోని పెద్ద శుద్ధి కేంద్రానికి పంపుతారు. లోగన్ విమానాశ్రయంలో దిగేటప్పుడు కిటికీలోంచి పెద్ద పెద్ద గుడ్లలాంటి కట్టడాలు కనిపిస్తాయే, అదే డీర్ ఐలండ్. శుద్ధి అయిన నీరు 2000 నుంచి మరో తొమ్మిదిన్నర మైళ్ల సొరంగం దాటి మసాచుసెట్స్ అఖాతంలో కలుస్తోంది. అంటే ఆగిపోయింది పాత శుద్ధి పద్ధతి మాత్రమే.

ఆ పాత పద్ధతి ఘోరమైనది. మురుగులోంచి తీసిన మడ్డిని కొంతకాలం మగ్గబెట్టి, ఆటు సమయంలో బోస్టన్ హార్బరులోకే వదిలేవారు. 1991 డిసెంబరుదాకా అలాగే సాగింది. 1982లో క్విన్సీ నగర న్యాయవాది వొల్లాస్టన్ బీచిలో పరుగెడుతూ మురుగులో కాలు వేశాడు. ఆ తర్వాత నగరం కోర్టుకెక్కింది. మార్పు మొదలైంది అక్కడే.

నన్ను ఇప్పటికీ కలచివేసేది నట్ ఐలండ్ పాత కేంద్రంలో పనిచేసినవారి కథ. ఎనభై మంది దాకా ఉండేవారు. మరమ్మతులకు నిధులు రాకపోతే సొంత డబ్బుతో విడిభాగాలు కొనుక్కుని యంత్రాలను నడిపారు. అయినా 1976 జనవరిలో డీజిల్ ఇంజన్లు ఆగిపోయి, శుద్ధి చేయని మురుగు నాలుగు రోజులు హార్బరులోకి పోయింది. పైవారు పట్టించుకోకపోతే కిందివారి అంకితభావం ఒక్కటే ఎంతకని ఆదుకుంటుంది? ఈ సంగతి చెబితే నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. పంపుకు వాషర్లు తన జేబులోంచి కొన్న రోజులు ఆయనకూ ఉన్నాయి.

ఇక మీ ఇంటి విషయం. మూడేళ్లలో వాసన మమ్మల్ని ఇబ్బంది పెట్టింది లేదు. గట్టి వాన పడ్డ మరునాడు మాత్రం పిల్లలను వొల్లాస్టన్‌లో దించకండి. వాననీటి కాలువలు అక్కడే కలుస్తాయి, బ్యాక్టీరియా పెరుగుతుంది. బీచి నీటి పరీక్ష ఫలితం చూసుకుని వెళ్లండి.

అసలు భయపడాల్సింది సముద్రపు పోటుకు. 2018 మార్చి తుపానులో హౌస్ నెక్ వీధుల్లోకి నీళ్లు వచ్చాయి, జనాన్ని వాహనాల్లో తరలించారు. బేరం మొదలుపెట్టే ముందు వరద మ్యాపులో ఆ ఇల్లు ఎక్కడుందో చూడండి. వరద బీమా ఏడాదికి ఎంత పడుతుందో కనుక్కోండి. నేలమాళిగలోకి ఎప్పుడైనా నీళ్లు వచ్చాయా అని అమ్మేవారినే కాదు, పక్కింటివారినీ అడగండి.