హైవే పక్కన తారు ముక్క పాత రోడ్డేనా? తారుని వదిలేసి కల్వర్టు చూడండి

హైవే పక్కన విల్లులా వంగిన తారు ముక్క ఒకటి రెండు చివరలా పొదల్లోకి పోయి మాయమవుతోంది. అది పాత రోడ్డేనా, లేక వంతెన పనికి వేసిన డైవర్షనా, పాతదే అయితే మిగతా ముక్కలు ఎలా పట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న.

తారుని బట్టి ఏదీ తేల్చలేం. కొన్ని నెలల డైవర్షన్‌కీ పైన తారు పోస్తారు, వందేళ్ల రోడ్డు మీది తారునేమో గీకి పట్టుకుపోయి ఉండొచ్చు. తేడా తెలిసేది నీళ్లు దాటే చోట. ఆ ముక్కలో పల్లం ఎక్కడుందో చూసుకుని అక్కడ అంచు దిగండి. డైవర్షన్ అయితే మట్టిలో నాలుగు పైపులు పడేసి ఉంటారు. పైపుల నోటి చుట్టూ కట్టే ముఖగోడ ఉండదు, పక్క కాలువలూ సరిగా ఉండవు. పాత రోడ్డయితే రాతితోనో ఇటుకతోనో కాంక్రీటుతోనో పద్ధతిగా కట్టిన కల్వర్టు, పైన పిట్టగోడలు ఉంటాయి. కట్టిన సంవత్సరం ఒక్కోసారి పిట్టగోడ మీద చెక్కి ఉంటుంది. అంకెలు కనబడకపోతే రాయి గీకకండి, టార్చి ఏటవాలుగా వేస్తే గాట్లలో నీడ పడి తేలతాయి.

రెండు పిట్టగోడల మధ్య దూరం టేపుతో కొలిస్తే పాత రోడ్డు వెడల్పు దాదాపు తెలిసినట్టే. మరీ ఇరుకుగా వచ్చిందని కొలత తప్పనుకోకండి. అమెరికాలో, ఓక్లహోమా రాష్ట్రంలో మిగిలిన రూట్ 66 అనే పేరున్న పాత హైవే ముక్క ఒకటి 9 అడుగుల వెడల్పే, అంటే సుమారు 2.7 మీటర్లు. ఎదురుగా బండి వస్తే చక్రాలు మట్టిలోకి దించాల్సిందే.

ఇప్పుడు వాడుకలో ఉన్న రోడ్డు కింద కూడా ఇదే పని చెయ్యండి. కల్వర్టు నోటి దగ్గర నిలబడి టార్చి వేసి చూస్తే చాలు. లోపలికి పాకొద్దు: పాములుంటాయి, గాలాడదు, ఎగువన వాన పడితే నీళ్లు చెప్పాపెట్టకుండా వస్తాయి. మధ్యలో రాతి కమాను, దానికి రెండు పక్కలా కాంక్రీటు అతుకు ఉంటే రోడ్డు ఉన్నచోటే వెడల్పయిందన్నమాట, అక్కడ పాత ముక్క కోసం వెతకడం దండగ. అతుకు ఒకే పక్క ఉంటే రోడ్డు నడిమి గీత ఆ పక్కకు జరిగింది. రెండో పక్క అంచు పాతదే. మొత్తం కొత్త కట్టడమే అయితే వాగు వెంట ఎగువకీ దిగువకీ కాస్త దూరం నడిచి చూడండి. కొత్త వంతెన లేస్తున్నన్నాళ్లూ పాతదాని మీద బండ్లు నడవాలి, అందుకే చాలాసార్లు కొత్తదాన్ని పక్కకు జరిపి కడతారు. పాతదాని కాళ్లు ఆ చుట్టుపక్కలే మిగిలి ఉంటాయి.

ఇక మీ ముక్క వంపు కొలవండి, దాన్ని ఎందుకు వదిలేశారో తెలుస్తుంది. వంపు బయటి అంచు మీద రెండు చోట్ల మేకులు కొట్టి, మధ్య 20 మీటర్ల టేపు బిగించండి. టేపు నడుమ నుంచి అంచు వరకు ఎంత ఎడం ఉందో చూడండి. 400ని (అంటే 20 × 20) మీటర్లలో ఆ ఎడానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వంపు వ్యాసార్ధం వస్తుంది. ఎడం 55 సెంటీమీటర్లయితే 400 ÷ 4.4, అంటే 91 మీటర్లు. విరిగిన అంచు దగ్గర కొలిచి ఎడం ఓ 10 సెంటీమీటర్లు ఎక్కువ పడిందా, 91 కాస్తా 77 అయి కూర్చుంటుంది. అందుకే మూడు చోట్ల కొలిచి సగటు తీసుకోండి. 90 మీటర్ల వంపు గంటకు 50 కిలోమీటర్ల వేగానికి సరిపోతుంది. రోడ్డు అడ్డవాలు, టైర్ల పట్టు అలాగే ఉంచుకుని 100లో తిరగాలంటే 360 మీటర్లు కావాలి, ఎందుకంటే వేగం రెట్టింపైతే వ్యాసార్ధం నాలుగింతలవుతుంది. అందుకే కొత్త రోడ్డు ఆ వంపుకి నారి కట్టినట్టు తిన్నగా పోయింది. వంకర్లు తిరిగే రోడ్డుని అలా తిన్నగా కోసినప్పుడు ముక్కలు ఒకటి ఎడమన, ఇంకొకటి కుడిన మార్చి మార్చి మిగులుతాయి. మీకు దొరికినదాని తర్వాతిదాన్ని హైవేకి అవతలి పక్క వెతకండి.

మ్యాపుల పని ఇంటి దగ్గరే అవుతుంది. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరిపి చూడొచ్చు. అంతకన్నా వెనక్కి పోవాలంటే 1960–72 మధ్య అమెరికా కరోనా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫొటోలున్నాయి. 1995లో వాటి మీద రహస్యం ఎత్తేశారు, ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో వెతుక్కోవచ్చు. ఎక్కువమంది బోల్తా పడేది పాత కాగితం మ్యాపుల దగ్గర. అంగుళానికి మైలు స్కేలు (1:63,360) మ్యాపు మీద అర మిల్లీమీటరు గీత నేల మీద 32 మీటర్లు. ఆమాత్రం తేడా కనిపించగానే రోడ్డు జరిగిందనుకుంటే గీత మందాన్ని కొలిచినట్టవుతుంది. జరగని వస్తువు ఏదైనా, రైల్వే వంతెన లాంటిది, పాత మ్యాపులోనూ ఇప్పటి మ్యాపులోనూ సరిపెట్టుకున్నాకే పోల్చండి.

హైవేలో కలిసే చిన్న రోడ్లనీ గమనించండి. దూరం నుంచి తిన్నగా వచ్చిన రోడ్డు చివర్లో చటుక్కున తిరిగి హైవేకి లంబంగా తగిలితే, ఆ తిరిగిన ముక్క తర్వాత వేసిందే కావొచ్చు. తిన్నటి గీతని పొడిగిస్తే పాత కూడలి దొరుకుతుంది. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య దూరం 700 మీటర్లే ఉంటే, మిగిలిన 300 మీటర్లు వదిలేసిన వంపులో పోయి ఉండొచ్చు. రోడ్డు పొడవు తగ్గాక కూడా రాళ్లన్నీ మార్చలేదన్నమాట.

నేల మీద తారు పూర్తిగా పోయినచోట వానలు వెనకబట్టిన కొత్తలో చూడండి. కంకర మీది గడ్డి ముందే ఎండుతుంది, పూడిన పక్క కాలువల్లో తడి నిలిచి పచ్చదనం ఉంటుంది. మధ్య వెలిసిన పట్టీ, అటూ ఇటూ పచ్చ గీతలు. వాన కోసిన గండి దొరికితే పొరలు చదవొచ్చు. అడుగున పెద్ద రాళ్లు చేత్తో నిలబెట్టి పేర్చి ఉంటే టెల్‌ఫోర్డ్ అనే పాతకాలపు రోడ్డు ఇంజనీరు పద్ధతి, చిన్న కంకరే ఉంటే మెకాడమ్ అనే ఇంకో ఇంజనీరుది. తారు పొర మీద పొర లెక్కకు మించి ఉంటే అక్కడ నేల కుంగుతూ ఉండేదని అర్థం. ఇంగ్లండ్‌లో మామ్ టోర్ కొండ జారి 1979లో మూసేసిన ఏ625 రోడ్డులో, మరమ్మతులు పేరుకుని కొన్నిచోట్ల దాదాపు 2 మీటర్ల మందం అయ్యాయి.

పాత రైలు కట్టనీ పైపులైను దారినీ చూసి పొరబడొద్దు. రైలు కట్టకి వాలు చాలా తక్కువ, మలుపులు విశాలం. పైపులైను గుట్టల మీదుగా కూడా తిన్నగా పోతుంది, కోతలూ ఉండవు.

దొరికిన ముక్కని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా చేర్చగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు) ఎక్కిస్తే మామూలు హైవే ట్యాగ్ పెట్టకండి, "అబాండన్డ్:హైవే" (abandoned:highway) అని పెట్టండి. లేకపోతే నావిగేషన్ దాన్ని దారిగానే లెక్కేస్తుంది, చీకట్లో వచ్చిన బండి తెగిన వంతెన అంచుకొచ్చి ఆగాలి.