గ్రీకు పెరుగు దొరకని ఊళ్లో జాట్జికి: నీళ్లు తేలకుండా చేసే పద్ధతి

జాట్జికి అంటే గట్టి పెరుగులో కీర, ఎల్లిగడ్డ, ఆలివ్ నూనె కలిపి గ్రీసులో చేసే చల్లని పచ్చడి. దాని గురించి మీరు అడిగినవి నాలుగు. మిర్యాలగూడలో గ్రీకు పెరుగు దొరకడం లేదు, బర్రె పెరుగుతో జాట్జికి చేయవచ్చా? కలిపిన గంటకే గిన్నెలో నీళ్లు ఎందుకు తేలాయి? ఎల్లిగడ్డ నాలుక మండేంత ఘాటు ఎందుకైంది? ఆదివారం ఇరవై మందికి కావాలంటే ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?

బర్రె పెరుగుతో నిశ్చింతగా చేయండి. ఆవు పెరుగు కన్నా దీనికి అదే నయం. గ్రీసులో సంప్రదాయంగా జాట్జికికి వాడే పెరుగును గొర్రె పాలతోనో మేక పాలతోనో చేస్తారు. గొర్రె పాలలో కొవ్వు 6 నుంచి 7 శాతం దాకా ఉంటుంది, బర్రె పాలలోనూ దాదాపు అంతే. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో గొర్రెల మందలకు కొదవ లేదు గానీ అవి మాంసం కోసం పెంచేవి, వాటి పాలు అమ్మకానికి రావు. డబ్బాలో అమ్మే గ్రీకు పెరుగు అంటే నీళ్లు వడగట్టిన పెరుగు. ఆ వడగట్టే పని ఇంట్లో చేసుకుంటే డబ్బా అవసరం లేదు.

పాలు పోసేవాళ్ల దగ్గర నీళ్లు కలపని బర్రె పాలు దొరికితే అవే తీసుకోండి. ప్యాకెట్ అయితే ఫుల్ క్రీమ్ కొనండి. అందులో కొవ్వు 6 శాతం, మిగతా ఘనపదార్థాలు 9 శాతం ఉంటాయి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతమే. తేడా వడగట్టినప్పుడు బయటపడుతుంది: ఫుల్ క్రీమ్ లీటరు తోడుపెట్టి కడితే 450 గ్రాముల దాకా గట్టి పెరుగు మిగులుతుంది, టోన్డ్ అయితే 350 గ్రాములు రావడం కష్టం.

పాలు ఒక పొంగు రాగానే దించేయకండి. సన్న మంట మీద, అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు ఉంచండి. 80 డిగ్రీలు దాటిన వేడిలో కాసేపు ఉంటే పాల తేటలోని ప్రొటీన్లు పాలలోని ముఖ్యమైన ప్రొటీన్ కేసిన్‌కు అతుక్కుంటాయి, అప్పుడు పెరుగు గట్టిగా తోడుకుని నీటిని తనలో పట్టి ఉంచుతుంది. తర్వాత చల్లారనివ్వండి. చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే తోడు వేసే వేడికి వచ్చినట్టే, అది 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఎండాకాలం లీటరుకు ఒక టీస్పూను తోడు చాలు, నాలుగు గంటల్లో పేరుకుంటుంది. చలికాలం మూడు టీస్పూన్లు వేసి, గిన్నెను దుప్పటితో కప్పి ఎనిమిది గంటలు వదలండి. పేరుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. మే నెలలో మధ్యాహ్నమంతా బయటే ఉన్న పెరుగు పులిసిపోతుంది. పులిసిన పెరుగు ముడుచుకుని తేటను బయటికి తోస్తుంది, కట్టినా ఇసుకలా పలుకుగా ఉంటుంది. ఎంత బాగా పిండిన కీర వేసినా ఆ పలుకు పోదు.

పెరుగు తీగలు సాగుతుంటే దానితో చేయకండి. తోడులో ఉన్న కొన్ని రకాల బ్యాక్టీరియా జిగురు తయారుచేస్తాయి, ఆ జిగురు బట్ట కన్నాలకు అడ్డుపడి నీళ్లు దిగవు. వేరే ఇంటి నుంచి తోడు తెచ్చి రెండు మూడుసార్లు మార్చితే సర్దుకుంటుంది. దుకాణంలో కప్పు పెరుగు కొంటే వెనక పదార్థాల పట్టీ చదవండి. పాలు, కల్చర్ తప్ప ఇంకేమైనా ఉంటే, అంటే పిండిపదార్థమో జిలాటినో కలిపి ఉంటే, అది రాత్రంతా కట్టినా సరిగ్గా దిగదు.

ఇక వడగట్టడం. తోడుకున్న పెరుగును ముందు రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి చల్లారనివ్వండి, వెచ్చగా ఉన్నప్పుడు కదిపితే విరిగిపోతుంది. పైన మీగడ పొరను తీసేయండి, లేకపోతే జాట్జికిలో ముద్దలు ముద్దలుగా తగులుతుంది. పాత నూలు ధోవతి ముక్క అన్నిటికన్నా మంచిది. కొత్త బట్ట అయితే గంజి పోయేదాకా వేడినీళ్లలో ఉడికించాలి, సబ్బు వాసన అసలు ఉండకూడదు. బట్టను తడిపి, పిండి, చిల్లుల గిన్నెలో రెండు మడతలుగా పరచండి. పెరుగును కలపకుండా గరిటెతో పెళ్లలు పెళ్లలుగా వేసి, బట్ట అంచులు మీదికి మడవండి. మొదటి గంట బరువు పెట్టవద్దు, పెరుగే బట్టలోంచి కారిపోతుంది. తర్వాత అరకిలో బరువున్న చిన్న ప్లేటో డబ్బానో పైన పెట్టి, కింద తేట పడేందుకు ఇంకో గిన్నె ఉంచి, మొత్తం ఫ్రిజ్‌లో పెట్టండి. ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. వంటింట్లో నల్లాకు వేలాడదీసే అలవాటు చాలామందికి ఉంది. చలికాలం మూడు నాలుగు గంటలకు ఇబ్బంది లేదు, మన ఎండల్లో మాత్రం అలా చేయకండి. నీళ్లు దిగేలోపు పులుపు ఎక్కుతుంది.

సరిపోయిందో లేదో చూడడానికి ఒక స్పూను తీసి ప్లేటులో పెట్టండి. పది నిమిషాలయ్యాక చుట్టూ తడి వలయం రాకుండా, ముద్ద జారకుండా ఉంటే తీసేయవచ్చు. మరీ గట్టిపడితే కంగారు లేదు, దిగిన తేటనే రెండు స్పూన్లు కలిపితే వదులవుతుంది. మిగిలిన తేటను పారబోయకండి. చపాతీ పిండి తడపడానికి నీళ్ల బదులు వాడండి, లేదా ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి పలుచని సల్లలా తాగండి.

మీ గిన్నెలో తేలిన నీళ్లలో సగం పెరుగువైతే మిగతా సగం కీరవి. కీరలో 95 శాతం నీరే. తురిమి అలాగే కలిపితే పెరుగులోని ఉప్పు ఆ నీటిని గంటసేపు నెమ్మదిగా లాగుతూనే ఉంటుంది. ఆ లాగే పని కలపకముందే చేయించాలి.

కీర సన్నగా, గట్టిగా, గింజ ముదరనిది ఎంచుకోండి. పసుపు నాటు దోసకాయ దీనికి పనికిరాదు, పులుపు, గింజ రెండూ ఎక్కువ. అది పప్పుకే బాగుంటుంది. పాలీహౌస్‌లో పండిన నున్నని కీర అయితే తొక్కు తీయనక్కర లేదు, చేలో పండినదైతే తొక్కు తీయండి. ముందు తొడిమ వైపు చిన్న ముక్క కోసి నమిలి చూడండి. ఎండ ముదిరి, నీళ్లు అందని తోటలో కాసిన కీరలో చేదు పుడుతుంది. అది తొడిమ దగ్గరా తొక్కులోనూ ఎక్కువ చేరుతుంది. కొసకు మాత్రమే చేదుంటే రెండంగుళాలు కోసేయండి, నడిమి ముక్క కూడా చేదనిపిస్తే ఆ కాయను పక్కన పెట్టాల్సిందే. ఉప్పు వేసినా పెరుగు వేసినా ఆ చేదు పోదు.

నిలువుగా రెండుగా చీల్చి, గింజల గుజ్జును స్పూనుతో గీకేసి, పెద్ద కన్నాల తురుముడు పీటతో తురమండి. సన్న కన్నాలతో తురిమితే గుజ్జవుతుంది, పిండితే చేతిలో ఏమీ మిగలదు. 300 గ్రాముల కీరకు ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి అరగంట వదలండి. తర్వాత బట్టలో మూటగట్టి మెలితిప్పి పిండాలి. చేత్తో పిండి చాలనుకుంటున్న చోటే చాలామందికి పని చెడుతుంది. బట్టలో పిండాక విప్పి, తురుమును చెదరగొట్టి, మళ్లీ ఒకసారి పిండండి. రెండోసారి కూడా స్పూన్ల కొద్దీ నీళ్లు వస్తాయి. చివరికి 120 నుంచి 140 గ్రాముల తురుము మిగలాలి. 200 గ్రాములు తూగితే ఇంకా నీళ్లు ఉన్నట్టే. కడగకండి, ఆ ఉప్పు దాదాపు సరిపోతుంది, చివర్లో రుచి చూసి వేసుకోవచ్చు.

ఎల్లిగడ్డ సంగతి. రెబ్బ నలిగినప్పుడే దాని ఘాటు పుడుతుంది. కణాలు పగిలి, లోపల వేరువేరుగా ఉన్న పదార్థమూ ఎంజైమూ కలిసి అల్లిసిన్ తయారవుతుంది. రోట్లో మెత్తగా దంచితే కణాలన్నీ పగిలి ఘాటు గరిష్ఠమవుతుంది. పైగా నాటు ఎల్లిగడ్డ చిన్న రెబ్బకు పెద్ద రెబ్బల రకం కన్నా కారం ఎక్కువ. పులుపు తగిలితే ఆ ఎంజైమ్ పని మందగిస్తుంది. అందుకని ముందు రెండు టీస్పూన్ల నిమ్మరసం గిన్నెలో పోసి, రెబ్బను నేరుగా ఆ రసంలోకే సన్నగా తురిమి, పది నిమిషాలు ఉంచండి. తురిమి బయట పెట్టి తర్వాత నిమ్మరసం పోస్తే ఫలితం ఉండదు, ఘాటు అప్పటికే పుట్టి ఉంటుంది. 400 గ్రాముల గట్టి పెరుగుకు నాటు రెబ్బలు రెండు చాలు. లోపల పచ్చని మొలక ఉంటే తీసేయండి. నిమ్మరసంలో ఎల్లిగడ్డ ఒక్కోసారి నీలం, పచ్చ రంగుకు తిరుగుతుంది, దానివల్ల హాని లేదు. కలిపిన వెంటనే రుచి చూసి ఘాటు చాలదని ఇంకో రెబ్బ వేయకండి. రెండు గంటల్లో అది పెరుగంతా పరుచుకుంటుంది.

పులుపుకు గ్రీసులో ద్రాక్షసారా వెనిగర్ కూడా వాడతారు. మన దుకాణాల్లో సింథటిక్ అని రాసి దొరికే తెల్ల వెనిగర్ ముక్కుకెక్కే వాసన ఇస్తుంది, దాని బదులు నిమ్మకాయే మేలు. నకిరేకల్ వైపు నిమ్మతోటలున్న జిల్లాలో వెనిగర్ కోసం వెతకడం దేనికి? నూనె ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్, రెండు టేబుల్ స్పూన్లు. పొమేస్, లైట్ అని రాసినవి చవకే గానీ వాటిలో ఆ రుచి లేదు. గానుగ పల్లి నూనె నాకు చాలా ఇష్టం, పాలమూరు పల్లికి సాటి లేదు, అయినా ఇక్కడ వేయవద్దనే చెబుతాను. పచ్చి పల్లి వాసన ముందు కీర, సోయకూర రెండూ తేలిపోతాయి. ఆలివ్ నూనె లేకపోతే నూనె మానేసి, కట్టిన పెరుగులో ఒక స్పూను మీగడ చిలికి కలపండి.

ఆకు కోసం సోయకూర తీసుకోండి, కన్నడం వాళ్లు సబ్బసిగె అంటారు. దారాల్లాంటి సన్నని ఆకు, సోంపును తలపించే వాసన. చలికాలం అంగట్లో కట్టలు కనిపిస్తాయి. కాడలు తీసేసి ఆకు రెండు టేబుల్ స్పూన్లు తరిగితే చాలు. దొరకని రోజుల్లో పది పన్నెండు పుదీనా ఆకులు వేయండి, అదీ గ్రీసులో వాడేదే. కడిగిన ఆకు పూర్తిగా ఆరాలి, తడి ఆకుతో మళ్లీ నీళ్లు మొదలవుతాయి. పచ్చిమిర్చి, జీలకర్ర, తాలింపు వేస్తే మంచి పెరుగు పచ్చడి తయారవుతుంది, కానీ అది జాట్జికి కాదు.

కలిపేటప్పుడు నిమ్మరసం, ఎల్లిగడ్డ ఉన్న గిన్నెలో ముందు నూనె పోసి గిలకొట్టండి. తర్వాత పెరుగు వేసి స్పూనుతో మెల్లగా కలపండి, ఆపైన కీర, చివర ఆకు. మిక్సీ, బీటర్ వద్దు. పెరుగు కట్టు తెగితే పలచబడుతుంది, మళ్లీ గట్టిపడదు. మూత పెట్టి గంట నుంచి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాకే వడ్డించండి. ఉప్పు సరిచూడడం కూడా అప్పుడే, చల్లబడ్డాక ఉప్పు తక్కువగా తెలుస్తుంది. పైన నూనె పేరుకుని గడ్డలా కనిపిస్తే అది చలివల్లే, బయట పది నిమిషాలకు కరిగిపోతుంది.

జొన్న రొట్టె, కాల్చిన చికెన్, కీమా ముద్దలు, మక్క గారెలు, వీటన్నిటికీ ఇది బాగా కుదురుతుంది. బిర్యానీకి మాత్రం మన పెరుగు పచ్చడే పెట్టండి. అన్నంలోకి జారేంత పలుచన దీనికి లేదు, మసాలాతో పచ్చి ఎల్లిగడ్డ కలవదు.

ఇరవై మందికి మనిషికి 50 గ్రాముల లెక్కన కిలో కావాలి. పైన చెప్పిన కొలత 550 గ్రాముల పైచిలుకు ఇస్తుంది కాబట్టి అన్నీ రెండింతలు చేయండి: పాలు రెండు లీటర్లు, కీర 600 గ్రాములు, నూనె నాలుగు టేబుల్ స్పూన్లు. ఎల్లిగడ్డ మాత్రం నాలుగు బదులు మూడు రెబ్బలతో ఆపండి. రెండు లీటర్ల పెరుగును ఒకే మూటలో కట్టకండి, మందం పెరిగితే నడిమి భాగం దిగదు. రెండు బట్టల్లో వేరువేరుగా కట్టండి.

ముందురోజు చేసుకోవచ్చు గానీ కలిపి పెట్టవద్దు. శుక్రవారం సాయంత్రం పాలు తోడువేసి, శనివారం పొద్దున కట్టి, సాయంత్రానికి గట్టి పెరుగును మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. కట్టిన పెరుగు అలా నాలుగైదు రోజులు నిలుస్తుంది. కీర తురిమి పిండడం, ఎల్లిగడ్డ తురమడం ఆదివారం పొద్దున చేసి, వడ్డించే రెండు గంటల ముందు కలపండి. కలిపాక మిగిలింది రెండు మూడు రోజుల్లో తినేయాలి, నీళ్లు కాస్త తేలినా పైన వంచేస్తే చాలు. ఎండాకాలం విందు అయితే గిన్నె మొత్తం బయట పెట్టకండి. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి ఉంచకూడదు. రెండు చిన్న గిన్నెల్లో పెట్టుకుని, ఒకటి బల్ల మీద, ఒకటి ఫ్రిజ్‌లో ఉంచి మార్చుకుంటూ వడ్డించండి.